జాక్‌పాట్ పెరిగినప్పుడు ఏం పెరుగుతుంది?

అందరికీ నమస్కారం.

లాటరీ మంచిదా, చెడ్డదా అన్న చర్చలోకి నేను ఈ సాయంత్రం దిగడం లేదు. దానికి వేరే సభ పెట్టుకోవచ్చు. నేను మాట్లాడదలచుకున్నది ఒకే ఒక్క సందర్భం గురించి. ఏడాది పొడవునా లాటరీ వైపు కన్నెత్తి చూడనివాళ్లు సైతం జాక్‌పాట్ వంద కోట్ల డాలర్లు దాటిందన్న వార్త చెవిన పడగానే వెళ్లి వరుసలో నిలబడతారు. వాళ్లలో లెక్కలు బాగా వచ్చినవాళ్లు కూడా ఉంటారు. వాళ్లు చెప్పేది ఇది: 'మామూలు రోజుల్లో టికెట్టు కొనడమంటే డబ్బు పారేసుకోవడమే. కానీ ఇంత మొత్తం పోగుపడ్డాక లెక్క మారుతుంది కదా!'

ఈ వాదనను కొట్టిపారేయడం నాకు ఇష్టం లేదు. అందులో నిజం ఉంది. ఆ నిజం ఎంతదూరం వస్తుందో, ఎక్కడ ఆగిపోతుందో మీతో కలిసి చూడాలని వచ్చాను.

ఉదాహరణకు అమెరికాలోని పవర్‌బాల్ అనే లాటరీని తీసుకుందాం. ప్రపంచంలో ఇప్పటిదాకా అతిపెద్ద జాక్‌పాట్ ఇచ్చింది అదే. దాని నియమాలూ అందరికీ తెలిసినవే. 1 నుంచి 69 దాకా అంకెలున్న తెల్ల బంతుల్లో ఐదింటిని, 1 నుంచి 26 దాకా ఉన్న ఎర్ర బంతుల్లో ఒకదాన్ని సరిగ్గా ఊహించాలి. ఐదు తెల్ల బంతులను 1,12,38,513 రకాలుగా ఎంచుకోవచ్చు. దాన్ని 26తో గుణిస్తే 29,22,01,338 వస్తుంది. మీ టికెట్టు ఆ ఇరవై తొమ్మిది కోట్ల చిల్లరలో ఒకటి. ధర 2 డాలర్లు.

ఇరవై తొమ్మిది కోట్లు అని నోటితో అనడం తేలికే, మనసుకు మాత్రం అందదు. దాన్ని సెకన్లలోకి మార్చి చూడండి. అన్ని సెకన్లు గడవడానికి తొమ్మిదేళ్ల మూడు నెలలు పడుతుంది. ఈ తొమ్మిదేళ్ల మూడు నెలల కాలంలో నేను ఏదో ఒక సెకనును మనసులో అనుకుంటాను. ఏ సంవత్సరం, ఏ రోజు, ఎన్ని గంటల ఎన్ని నిమిషాల ఎన్నో సెకను అన్నది మీరు ఒక్కసారిలో చెప్పాలి. బహుమతి రెండు కోట్ల డాలర్లయినా రెండు వందల కోట్ల డాలర్లయినా మీరు చెప్పాల్సింది ఆ ఒక్క సెకనే. జాక్‌పాట్ ఎంత పెరిగినా ఈ సంఖ్య ఒక్క అంకె కూడా కదలదు. మొట్టమొదట గట్టిగా పట్టుకోవలసిన విషయం ఇదే.

'ఇన్ని వారాలుగా ఎవరికీ తగల్లేదు, ఇక ఎవరికో ఒకరికి తగలక తప్పదు' అని చాలామంది అంటారు. ఎవరికో ఒకరికి తగిలే అవకాశం పెరిగే మాట నిజమే. కాని దానికి కారణం గడిచిన వారాలు కాదు. ఈ వారం ఎక్కువమంది కొన్నారు, అంతే. అది జనం మొత్తానికి సంబంధించిన లెక్క, మన చేతిలోని టికెట్టుకు సంబంధించినది కాదు. ఇంకో సంగతి చెబుతాను. కలయికలు ఎన్ని ఉన్నాయో సరిగ్గా అన్ని టికెట్లు, అంటే ఇరవై తొమ్మిది కోట్ల ఇరవై రెండు లక్షలు అమ్ముడయ్యాయని అనుకోండి. ఎవరికి తోచిన అంకెలు వాళ్లు వేసుకున్నారు. అప్పుడు కూడా ఎవరికీ తగలకుండా పోయే అవకాశం వందకు 37 పాళ్లు ఉంటుంది. ఎందుకంటే ఒకే కలయికను పలువురు ఎంచుకుంటారు, చాలా కలయికలను ఎవరూ ముట్టుకోరు.

మరి జాక్‌పాట్ ఇంత భారీగా ఎందుకు పెరుగుతోంది? అదృష్టం మొరాయించడం వల్ల కాదు. అలా పెరిగేలా ఆటను తయారుచేశారు. 2015 అక్టోబరు దాకా పవర్‌బాల్ జాక్‌పాట్ తగిలే అవకాశం 17,52,23,510లో ఒకటి. ఆ నెలలో బంతుల సంఖ్యలు మార్చి దాన్ని 29 కోట్లలో ఒకటిగా చేశారు. అదే మార్పుతో ఏదో ఒక చిన్న బహుమతి వచ్చే అవకాశాన్ని కొంచెం సులభం చేశారు. అంతకుముందు సుమారు 32 టికెట్లలో ఒకదానికి ఏదో ఒకటి వచ్చేది, ఇప్పుడు సుమారు 25లో ఒకదానికి వస్తుంది. నాలుగు డాలర్లు చేతికొస్తే ఆట మీద ఆశ చావదు. అసలు బహుమతి మాత్రం మరింత దూరం జరిగింది. దూరం జరిగితే ఎవరికీ తగలని డ్రాలు ఎక్కువవుతాయి, తగలని డ్రాల డబ్బు పోగుపడుతుంది, పోగుపడిన మొత్తం వార్త అవుతుంది. ఆ మార్పు జరిగి మూడు నెలలు తిరిగేసరికి, 2016 జనవరి 13 నాటికి, జాక్‌పాట్ 158.6 కోట్ల డాలర్లకు చేరింది. అంతకుముందు ఎన్నడూ ఎరగని మొత్తం అది. వార్తల్లో దాన్ని వింతగా చెప్పారు. నాకు అందులో వింత ఏమీ కనిపించదు. ఏ గింజ వేశారో ఆ చెట్టే మొలిచింది.

ఇప్పుడు ప్రకటనలో కనిపించే మొత్తం సంగతి చూద్దాం. దీని దగ్గర కొంచెంసేపు ఆగుతాను, చాలామంది మోసపోయేది ఇక్కడే. 158 కోట్లంటే 158 కోట్లు ఎవరి చేతిలోనూ పెట్టరు. అది 30 వాయిదాల్లో, 29 ఏళ్లపాటు ఇచ్చే సొమ్ము మొత్తం. ఒక్కో వాయిదా ముందుదాని కన్నా 5 శాతం పెద్దది. ఇప్పుడే నగదు కావాలంటే ఇచ్చేది వేరు. 2016లో ఆ నగదు విలువ 98.35 కోట్ల డాలర్లు.

తర్వాత 2022 నవంబరులో జాక్‌పాట్ 204 కోట్ల డాలర్లకు చేరింది. కాలిఫోర్నియాలో అమ్మిన ఒక్క టికెట్టుకు తగిలింది. పాత రికార్డు కన్నా 45 కోట్లు ఎక్కువని అందరూ నోరెళ్లబెట్టారు. దాని నగదు విలువ ఎంతో తెలుసా? 99.76 కోట్లు. అంటే ప్రకటనలో 45 కోట్లు పెరిగితే అసలు సొమ్ములో పెరిగింది కోటీ నలభై లక్షలు. మిగతాదంతా ఎక్కడినుంచి వచ్చింది? వడ్డీ రేట్ల నుంచి. 2022లో వడ్డీలు బాగా పెరిగాయి. ఉన్న నగదును బాండ్లలో పెడితే ముప్ఫై ఏళ్లలో ఎంత అవుతుందో అదే ప్రకటనకెక్కుతుంది. వడ్డీ పెరిగితే ప్రకటన దానంతట అదే ఉబ్బుతుంది. టికెట్టు కొనే మనిషికి ఒరిగేది దాదాపు ఏమీ లేదు. అందుకే జాక్‌పాట్ వార్త చూసినప్పుడు మొదటి పేరాలోని పెద్ద అంకెను వదిలేసి, కింద ఎక్కడో రాసే నగదు విలువను వెతకమని నేను అందరికీ చెబుతుంటాను.

సరే, ఇక అసలు వాదనకు వద్దాం. 2016 నాటి 98.35 కోట్లను 29.22 కోట్ల కలయికలతో భాగిస్తే 3 డాలర్ల 37 సెంట్లు వస్తుంది. అంటే సగటున ఒక్కో టికెట్టుకు జాక్‌పాట్‌లో దక్కే వాటా అంత. టికెట్టు ధర 2 డాలర్లే! ఇక్కడే లెక్కలు వచ్చినవాళ్ల కళ్లు మెరుస్తాయి. పన్ను తీసేద్దాం. అప్పటి అమెరికా కేంద్ర ఆదాయపు పన్ను గరిష్ఠ రేటు 39.6 శాతం. అది పోగా 2 డాలర్ల 3 సెంట్లు. చిన్న బహుమతుల విలువ టికెట్టుకు సుమారు 32 సెంట్లు కలపండి. 2 డాలర్ల 35 సెంట్లు. ఇంకా లాభమే. నేను మొదట్లో అన్న నిజం ఇదే. ఇది చిన్న నిజం కాదు. గత డ్రాల్లో ఓడినవాళ్ల సొమ్ము పోగుపడి ఉంది కాబట్టి, ఈ డ్రాలో కొనేవాళ్లకు తాము పెట్టినదానికన్నా ఎక్కువ సొమ్ము పందెంలో కనిపిస్తుంది.

కానీ ఆ సంగతి మనకొక్కరికే కనిపించదు కదా. ఆ ఒక్క డ్రాకు 63 కోట్లకు పైగా టికెట్లు అమ్ముడయ్యాయి. ఉన్న కలయికలకు రెండింతలకు మించి! అన్ని టికెట్లు జనంలో ఉన్నప్పుడు, మీకు తగిలిందంటే మరొకరికో ఇద్దరికో కూడా తగిలి ఉంటుంది. ఆ సంఖ్యలతో లెక్క కడితే, గెలిచిన మనిషి చేతికి సగటున వచ్చేది జాక్‌పాట్‌లో 41 శాతమే. ఆ ఒక్క దెబ్బకు 2 డాలర్ల 3 సెంట్లు కాస్తా 83 సెంట్లకు దిగిపోయాయి. చిన్న బహుమతులు కలిపితే 1 డాలరు 15 సెంట్లు. దాన్ని 2 డాలర్లు పెట్టి కొంటున్నాం. ఆ రోజు జరిగిందీ అదే. కాలిఫోర్నియా, ఫ్లోరిడా, టెనెసీ రాష్ట్రాల్లో అమ్మిన మూడు టికెట్లకు జాక్‌పాట్ తగిలింది. నగదుగా తలా 32.78 కోట్లు, అదీ పన్నుకు ముందు.

అది ఎవరికైనా పెద్ద మొత్తమే, కాదనను. నేను చెబుతున్నది వేరు. జాక్‌పాట్ పెరిగిన కొద్దీ జనం పెరుగుతారు, జనం పెరిగిన కొద్దీ వాటా తగ్గుతుంది. ఏ వార్త మనల్ని దుకాణానికి నడిపించిందో అదే వార్త కోట్లమందిని నడిపించింది. నెవాడా రాష్ట్రంలో లాటరీ లేదు. జూదానికి పేరుమోసిన లాస్‌వేగాస్ ఉన్నది ఆ రాష్ట్రంలోనే! అక్కడివాళ్లు జాక్‌పాట్ పెరిగినప్పుడల్లా ఎడారి దారి పట్టి కాలిఫోర్నియా సరిహద్దు దాటుతారు. గీత దాటగానే ఒక లాటరీ దుకాణం ఉంది. దాని ముందు ఎండలో గంటల తరబడి వరుస సాగుతుంది. ఆ వరుసలో నిలబడ్డ ప్రతి మనిషీ తన ముందున్నవాళ్లను చూసి 'ఇంతమంది కొంటున్నారంటే ఇందులో ఏదో ఉంది' అనుకుంటాడు. అతను తెలుసుకోవలసింది అందుకు నేరుగా వ్యతిరేకం. ముందున్న ఒక్కొక్క మనిషీ అతని టికెట్టు విలువను రవ్వంత కోస్తున్నాడు.

పంపకం ఎంత దారుణంగా ఉండగలదో చెప్పడానికి బ్రిటన్ ఉదాహరణ ఒకటుంది. 1995 జనవరి 14న అక్కడి జాతీయ లాటరీలో 7, 17, 23, 32, 38, 42 వచ్చాయి. జాక్‌పాట్ కోటీ అరవై లక్షల పౌండ్లకు పైమాటే. ఆరు అంకెలూ కలిసినవాళ్లు ఎందరో తెలుసా? 133 మంది. తలా 1,22,510 పౌండ్లు వచ్చాయి. ఇందులో మోసం లేదు, మాయ లేదు. అంకెలు గుర్తుపెట్టే చీటీ మీద అవన్నీ నడిమి వరుసల్లో ఉన్నాయి. పెన్ను పట్టుకున్న చెయ్యి అంచులకు పోకుండా మధ్యలోనే తిరుగుతుంది. 'ఎలా పడితే అలా' వేశామని అందరూ అనుకున్నారు. వాళ్ల చేతులన్నీ ఒకే దారిన నడిచాయి. పుట్టినరోజుల అంకెలు వేసేవాళ్ల సంగతీ ఇంతే. 31 దాటి ముందుకు పోరు. అందుకని టికెట్టు కొనేవాళ్లకు నేను చెప్పగల ఒకే ఒక పనికొచ్చే సలహా ఉంది. 31 పైన ఉన్న అంకెలు, చీటీ అంచుల్లో ఉన్న అంకెలు కలుపుకోండి. లేదా యంత్రాన్నే ఎంచమనండి. దీనివల్ల గెలిచే అవకాశం పెరగదు. గెలిస్తే పంచుకునేవాళ్లు తగ్గుతారు. మన చేతిలో ఉన్నది అంతవరకే.

(సభలోంచి ఒకరు: అన్ని కలయికలూ కొనేస్తే?)

మంచి ప్రశ్న. ఆ పని చేసినవాళ్లు ఉన్నారు. 1992లో వర్జీనియా రాష్ట్ర లాటరీలో 44 అంకెల నుంచి ఆరు ఎంచాలి. మొత్తం కలయికలు 70,59,052. టికెట్టు ఒక్క డాలరు. జాక్‌పాట్ 2.7 కోట్లకు పెరిగింది. స్టెఫాన్ మాండెల్ అనే ఆయన ఆస్ట్రేలియా నుంచి ఒక పెట్టుబడి బృందాన్ని కూడగట్టి అన్నీ కొనడానికి దిగాడు. డబ్బు సిద్ధంగా ఉంది, లెక్క సరిగ్గా ఉంది. అడ్డుపడింది ఏమిటంటే దుకాణాల్లో టికెట్లు ముద్రించే యంత్రాలు. ఒక్కో టికెట్టు బయటికి రావాలి కదా! డ్రా సమయానికి సుమారు 50 లక్షలే కొనగలిగారు. మిగిలిన ఇరవై లక్షల్లో గెలిచే కలయిక ఉండి ఉంటే పెట్టినదాంట్లో చాలా భాగం నీళ్లపాలయ్యేది. లేదు కాబట్టి గెలిచారు. 2023 ఏప్రిల్‌లో టెక్సస్‌లో మరో బృందం దాదాపు మొత్తం 2.58 కోట్ల కలయికలనూ కొని 5.78 కోట్ల డాలర్ల నగదు గెలుచుకుంది. దానిమీద ఎంత గొడవ జరిగిందంటే 2025లో ఆ రాష్ట్ర శాసనసభ లాటరీ కమిషన్‌నే రద్దుచేసి బాధ్యతను వేరే శాఖకు అప్పగించింది. ఇక పవర్‌బాల్‌లో అన్నీ కొనాలంటే 58 కోట్ల డాలర్లకు పైగా కావాలి. వారానికి మూడు డ్రాలు. ఒక డ్రాకూ తర్వాతి డ్రాకూ మధ్య ఇరవై తొమ్మిది కోట్ల టికెట్లు ముద్రించగల మనిషి ఎవరు? అంతా కొన్నా, బయట ఇంకొకరి టికెట్టుకూ తగిలితే సగం పోతుంది.

లాటరీ మీద నిజంగా నిలకడగా సంపాదించినవాళ్లు జాక్‌పాట్ జోలికి పోలేదు. మసాచుసెట్స్‌లో క్యాష్ విన్‌ఫాల్ అనే ఆట ఉండేది. జాక్‌పాట్ 20 లక్షల డాలర్లకు చేరినా ఎవరికీ తగలకపోతే ఆ సొమ్మును చిన్న బహుమతులకు పంచేవారు. ఆ డ్రాల్లో మాత్రం టికెట్టు విలువ ధరను మించేది. ఎంఐటీ విద్యార్థులు, మిషిగన్ నుంచి వచ్చిన ఒక విశ్రాంత దంపతుల బృందం ఏళ్ల తరబడి లక్షల టికెట్లు కొని లాభం తీశారు. ఆ ఆటను 2012లో ఆపేశారు. రెండింటికీ తేడా గమనించండి. అక్కడ లాభం వేల కొద్దీ చిన్న గెలుపుల్లో పరుచుకుని ఉంది. పవర్‌బాల్‌లో విలువంతా ఒకే ఒక్క కలయికలో దాక్కుని ఉంది.

ఈ తేడా నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనది. సగటు బాగుందంటే ఎక్కువమందికి మంచి జరుగుతుందని అర్థం కాదు. ఒక అద్భుతమైన వారం వచ్చిందనుకుందాం. పన్ను పోగా, పంపకం పోగా, టికెట్టు విలువ ధరకు సరిగ్గా రెండింతలైంది. 2 డాలర్లు పెడితే సగటున 4 డాలర్లు. కొనాలా? బెల్ లేబరేటరీస్‌లో పనిచేసిన జాన్ కెల్లీ 1956లో ఒక సూత్రం ఇచ్చాడు. లాభసాటి పందెం దొరికినా, ఉన్న ఆస్తిలో ఎంత భాగం ఒడ్డితే దీర్ఘకాలంలో సొమ్ము బాగా పెరుగుతుందో అది చెబుతుంది. దాన్ని ఈ టికెట్టుకు వర్తింపజేసి చూడండి. ఒక్క టికెట్టు కొనడం సబబు కావాలంటే కొనేవాడి ఆస్తి సుమారు 117 కోట్ల డాలర్లు ఉండాలి. మళ్లీ చెబుతున్నాను, ధరకు రెండింతల విలువ ఉన్న టికెట్టు, అదీ ఒక్కటి. జీతం మీద బతికే మనిషి పదో ఇరవయ్యో కొంటున్నాడంటే, లెక్క తనవైపు ఉందని అతను అనుకోవడానికి ఏ ఆధారమూ లేదు.

ఈ మాట చెబుతుంటే నాకు బాధగానే ఉంటుంది. మామూలు రోజుల్లో ఒక టికెట్టుతో సరిపెట్టుకునే మనిషి ఆ వారం పాతిక కొంటాడు. ఈసారి వదులుకుంటే మళ్లీ రాదన్న తొందర అతనిది. ఒక టికెట్టు కొంటే రెండు మూడు రోజులు ఇంట్లో అందరూ కూర్చుని ఏం చేద్దామో మాట్లాడుకుంటారు. ఆ ముచ్చట రెండు డాలర్లకు చౌకే, నేను ఎవరినీ తప్పుపట్టను. రెండో టికెట్టుతో ఆ ముచ్చట ఇనుమడించదు. పాతిక టికెట్లు ఉన్నా అవకాశం సుమారు కోటీ పదిహేడు లక్షల్లో ఒకటి. అద్దె డబ్బులోంచి, పిల్లల ఫీజులోంచి తీసినవైతే ఆ పాతిక టికెట్లతో వచ్చేది దిగులు మాత్రమే.

నిర్వాహకులు ఈ దారిలోనే ఇంకా ముందుకు పోతున్నారు. మెగా మిలియన్స్ అనే మరో పెద్ద లాటరీ 2025 ఏప్రిల్‌లో టికెట్టు ధరను 2 డాలర్ల నుంచి 5 డాలర్లకు పెంచింది. జాక్‌పాట్‌లు మరింత వేగంగా, మరింత పెద్దగా పెరుగుతాయని దాన్నే ఆకర్షణగా చెప్పింది. గెలిచే అవకాశం 30 కోట్లలో ఒకటి నుంచి 29 కోట్లలో ఒకటి అయింది. పెట్టే డబ్బు రెండున్నర రెట్లు అయింది.

(సభలోంచి మరొకరు: పనిచేసే చోట అందరం తలా కొంత వేసుకుని కొంటే ఏమైనా మేలా?)

పెట్టిన డాలరుకు వచ్చే విలువ మారదు. పది మంది పది టికెట్లు కొంటే అవకాశం పదింతలు, వాటా పదో వంతు. అయినా కొనే పద్ధతుల్లో నాకు అన్నిటికన్నా నచ్చింది ఇదే. ఖర్చు తక్కువ, ముచ్చట అందరిదీ. ఒక్క జాగ్రత్త తీసుకోండి. ఇలా కలిసి కొన్న టికెట్టుకు తగిలాక, 'ఆ వారం నువ్వు డబ్బు ఇవ్వలేదు', 'ఇది నేను నా సొంతానికి కొన్నది' అంటూ కోర్టుకెక్కిన తగాదాలు చాలా ఉన్నాయి. ఎవరెవరు ఎంత వేశారో కాగితం మీద రాసి అందరూ సంతకాలు పెట్టండి. టికెట్టు ఎవరి దగ్గర ఉంటుందో ముందే అనుకోండి. డ్రా జరగక ముందే ప్రతి టికెట్టుకూ ఫోటో తీసి అందరి ఫోన్లకూ పంపించండి.